నూకరత్నం మిషనుకు నేను చేసిన మార్పులు

చిట్టా 1

నాగావళి ఓడ తొమ్మిదో వీధిలో కాపురముంటున్న సమస్త జనులు, వారి చంటిబిడ్డలు, గోడ గొట్టాల్లో తరతరాలుగా స్థిరపడిన బొద్దింకలు సావధానంగా ఆలకించవలెను. మా పని గది బల్ల మీద ఉన్న ఇత్తడి పళ్ల దువ్వెన తల దువ్వుకోవడానికి కాదు. అది మిషను మీద పడే ఇత్తడి రజను దులపడానికి. మొన్న దానితో జడ వేసుకుని వీధంతా తిరిగిన మహాతల్లి ఎవరో నాకు తెలుసు. దీపాల కింద ఆమె పాపిట తళతళలాడుతుంటే పిల్లలు దండాలు పెట్టారు. ఇది మొదటి శాసనం. రెండోది: మిషను నడుస్తుండగా తుమ్మదలచినవారు గడప అవతలికి పోయి, తుమ్మి, ముక్కు తుడుచుకుని మరీ లోపలికి రావలెను. మూడోది: మా వదినను చేతులెలా ఉన్నాయని ఎవరూ అడగకూడదు. మొదటి రెండూ మీరు పాటించకపోయినా సర్దుకుంటాను. మూడోది తప్పితే మీ ఇంటి గాలి గొట్టంలో ఏం పెడతానో మీరే ఊహించుకోండి.

శాసనాలు అయిపోయాయి. ఇక పని.

ఈ ఓడలో ఎవరు ఏ మిషనును మార్చినా, ఏం మార్చారో చిట్టా రాసి ఆ మిషనుకే కట్టి ఉంచాలి. తర్వాత దాని ముందు నిలబడే మనిషి వేలు తెగకూడదని పెట్టిన నియమం. కాబట్టి తర్వాతి మనిషీ, ఇదంతా నీ కోసమే. నా పేరు అసిరమ్మ. బడిలో ఆరో తరగతి దాకా వెళ్లాను. ఆపైన అయ్యవారి కుర్చీకి జిగురు పూసిన విషయంలో నాకూ బడికీ అభిప్రాయభేదం వచ్చింది. గాలి గొట్టాలు తుడుస్తాను. మిగతా టైములో జనాన్ని ఏడిపిస్తాను.

మిషను మా వదిన నూకరత్నానిది. బల్ల మీద పట్టేంత చిన్న మిల్లింగ్ మిషను, లోహాన్ని కోసేది. ఓడ భూమి వదిలేటప్పుడు మనిషికి ఇంత బరువని తూచి ఎక్కించారట. వదిన ముత్తవ్వ చీరలన్నీ గట్టునే వదిలేసి, ఆ బరువుకి ఈ ఇనుప ముద్దను తెచ్చుకుంది. మూడు చేతి చక్రాలుంటాయి. ఒకటి ముక్కను బిగించే మిషను బల్లను అడ్డంగా జరుపుతుంది, ఒకటి ముందుకూ వెనక్కీ, ఒకటి పైన తిరిగే తలను కిందికీ పైకీ. వీటితో వదిన వాల్వు సీట్లు కోస్తుంది. ప్రతి ఇంటి గాలి కంతలోనూ రేకు మూత ఒకటి ఉంటుంది కదా, ఆ మూత ఆనుకుని కూర్చునే ఇత్తడి ఉంగరం అన్నమాట. అది వెంట్రుకంత వంకరపోయినా ఆ ఇంట్లో పిల్లలు తలనొప్పితో లేస్తారు.

చిట్టా 2

మోటార్లు బిగించడం మొదలుపెట్టాను. ఎందుకో రాయాలి.

పోయిన నీటి పంపకం రోజున వదిన వేడి చారు గ్లాసు పట్టుకుని నాతో కబుర్లాడుతోంది. మాట మధ్యలో నాకు ఆమె అరచేయి కనిపించింది. కందిపోయి ఉంది. ఆమెకు తెలియలేదు. ఇన్నేళ్లూ మిషను అదురు మింగీ మింగీ వేళ్లలో స్పర్శ చచ్చిపోయింది.

మన ఓడ ఆచారం నీకూ తెలిసిందే. చుక్కల మధ్య పోయేదానికి కొత్త ఇనుము ఎక్కడినుంచీ రాదు. చేతితో నడిచే పనిముట్టు ఆ చేయి ఉన్నంతవరకే. చేయి పడిపోయినా, మనిషి పోయినా పనిముట్టు కరుగు కొలిమికి పోతుంది. ఆ ఇనుముతో గరిటెలూ గెడలూ పోతపోసి వీధికి పంచుతారు. మా తాత సుత్తి ఇవాళ ఎవరింట్లోనో తలుపు గెడ. మా అమ్మ కుట్టు మిషనుతో వీధంతా చారు కలుపుకుంటోంది. దీన్ని ఎవరూ చెడ్డగా చూడరు. నేనూ చూడలేదు, వదిన చేయి కందేదాకా.

చేయి అక్కర్లేకుండా తనంతట తాను నడిచే మిషనైతే కొలిమికి పోదు. ఊరి మిషనుగా ఉండిపోతుంది. పాత కాగితాల్లో ఇలా మార్చడాన్ని సీఎన్సీ చేయడం అంటారు. మూడు చక్రాలకూ మూడు మోటార్లు కట్టి, వాటికి లెక్కలు చెప్పే పెట్టె ఒకటి తగిలించడమే. చదవడానికి రెండు పేజీలు. చేయడానికి నా జడ సగం ఊడింది.

వదిన నా వాలకం చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒలే అసిరీ, నా మిషనుకేటి సేస్తన్నావే?"

"పెళ్లి ఒదినా. మూడు మోటార్లు, మూడు ముళ్లు."

"పెళ్లికొడుకెవుడే?"

"ఇదిగో ఈ లెక్కల పెట్టి. బట్టలుతికే మిషనులోంచి పీకినాను. మరక నేని సంబంధం."

"దానికి సెవులున్నాయేటి? ఇత్తడి అరిస్తే వింటాదా?"

"మా అన్నకి మాత్తరం ఉన్నాయేటి? ఇన్నేళ్లు కాపరం సేసినావు కదా."

వదిన నవ్వి, నవ్వుతూనే తన రెండు చేతులనూ కొంగులో దాచుకుంది. తనకు తెలిసినట్టు నాకు తెలియకూడదని.

చిట్టా 3

మొదటి పరీక్ష. కోసే పనిముట్టు బదులు తలకు కలం కట్టి, కింద పాత రేకు పెట్టాను. గుండ్రంగా గీయమంటే వంకాయ గీసింది. మళ్లీ చెప్పాను. ఈసారి తొడిమతో సహా గీసింది. కోపం వచ్చి వదిన బొమ్మ గీయమన్నాను. అదీ వంకాయలాగే వచ్చింది. మీసాలు నేనే చేర్చాను.

వదిన ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "మీసాలు బాగున్నాయి గానీ, దవడ కాడ సూడు. దారి మారిన సోటల్లా సొట్ట పోనాది. మరలో వదులుందే."

వదులంటే ఇది: బల్లను జరిపే స్క్రూ మర ఇన్ని తరాలు తిరిగి అరిగిపోయింది. ఒకవైపు తిప్పుతూ ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. వెనక్కి తిప్పితే మాత్రం మొదటి కొంచెంసేపు మర తిరుగుతుందే కానీ బల్ల కదలదు.

"మరి నీ సేతికెలా వస్తాది గుండ్రం?" అన్నాను.

వదిన ఆలోచనలో పడింది. ఎప్పుడూ ఎవరూ అడగలేదేమో. చక్రం పట్టుకుని, కళ్లు మూసుకుని, గాలిలోనే కోస్తున్నట్టు తిప్పి చూసుకుంది. "వెనక్కి తిప్పినప్పుడల్లా ఇంకొంచెం ఎక్కువ తిప్పుతన్నానే. నాకే తెల్దు."

చిట్టా 4

తల మార్చాను. తర్వాతి మనిషీ, ఇది జాగ్రత్తగా చదువు.

పాత తలలో ప్లాస్టిక్ పళ్ల చక్రాలుండేవి. సగం పళ్లు రాలిపోయాయి, మా వీధి పెద్దాయనవాటిలాగే. అవన్నీ తీసేసి, పాడైన గాలి పంకా మోటారును పక్కన నిలబెట్టి బెల్టుతో తిప్పేలా చేశాను. లోపల కొత్త బేరింగులు వేశాను. వేగం పాతదానికి మూడింతలైంది. మొదటిసారి తిప్పినప్పుడు కీచుమని వచ్చిన చప్పుడుకి వీధి జనం గాలి కారిపోతోందనుకుని పిల్లలతో సహా పరిగెత్తుకొచ్చారు. అది నేను కావాలని చేసిందనుకుని నన్ను తిట్టి పోయారు. చేయని తప్పుకు తిట్లు తినడం నాకదే మొదలు.

వదిన తల దగ్గరికి వెళ్లి, వేళ్లతో కాకుండా, తన చెంపను దాని ఇనుముకు ఆనించింది. అలా నిలబడింది. చేతికి తెలియనిది చెంపకు తెలుస్తుంది.

"కాల్తన్నాది. బేరింగులు మరీ బిగించీసినావు. కొంచెం ఒదులు సెయ్యి."

బిగువు తగ్గించాను. మళ్లీ చెంప ఆనించింది.

"ఇప్పుడు జొరం తగ్గిన పిల్లలాగున్నాది."

ఆ బిగువు ఎంతో తలకు పక్కన గీత గీసి పెట్టాను. దాన్ని మించి తిప్పకు.

చిట్టా 5

వదిన చేతులను మిషనుకు నేర్పించాం. వినడానికి పిచ్చిగా ఉంటుంది కానీ పని చాలా తేలిక. మోటార్ల వెనక లెక్కపెట్టే బిళ్లలున్నాయి. మనం చక్రం తిప్పితే, ఎటు ఎంత తిప్పామో పెట్టెలో వరుసగా పడుతుంది. తర్వాత పెట్టె మోటార్లకు అదే వరుస చెబితే, అవి మన చేతిలాగే తిప్పుతాయి.

వదిన తలకు గుడ్డ కట్టుకుని నిలబడి, మొదలు నుంచి చివరి దాకా ఒక సీటు కోసింది. నాకు ఆమె భుజాలు మాత్రమే కనిపించాయి. నిజంగా చెప్తున్నాను, నేను ఒక్క వెటకారం కూడా ఆడలేదు. సీటు తీసి దీపం వైపు పెట్టి చూసుకుని, "పర్లేదు," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరూ విని ఉండరు, మా అన్నతో సహా.

అన్న గౌరునాయుడు పెద్ద నీటి తొట్ల అడుగున బురద తీసే పనిలో ఉంటాడు. దిగాడంటే వారాల తరబడి అక్కడే. పైకి వచ్చినప్పుడు వదిన పనిలో ఉంటుంది, వదిన ఖాళీగా ఉన్నప్పుడు అన్న తొట్లో ఉంటాడు. వాళ్ల కాపురమంతా ఇలా ఒకరు వస్తుంటే ఒకరు పోతూ గడిచింది. ఈమధ్య అన్న తొట్టి పని మానేస్తానని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇది ఆఖరి దిగడం.

చిట్టా 6

వదిన పోయింది.

చిట్టా 7

ఇవాళ రాయగలను.

గుండె. వైద్యురాలు గుండె అనే చెప్పింది. నేను మిషను దగ్గరే ఉన్నాను, వదిన నా వెనక ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. "అసిరీ, ఆ బెల్టు సాగినట్టుందే, బిగువు సూడు," అంది. నేను బెల్టు నొక్కి చూసి, సాగలేదు, నీ బుర్రే సాగింది అన్నాను. ఎదురు తిట్టు రాలేదు. తిరిగి చూశాను.

అన్న తొట్టి అడుగున ఉన్నాడు. కబురు పంపితే, అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి తేకూడదట, ఊపిరితిత్తులు తట్టుకోవట. మెల్లగా తెచ్చారు. వచ్చేసరికి, పోయినవాళ్లందరిలాగే వదిననూ నాచు తోటకు ఇచ్చేశారు. అన్న గదిలోకి వచ్చి, ఒంటి మీద బురద కడుక్కోకుండానే పీట మీద కూర్చున్నాడు.

"అసిరీ. నన్నడిగిందా?"

పుట్టి బుద్ధెరిగాక నేను అబద్ధం ఆడని రోజు లేదు. నీళ్ల గంట కొట్టకపోయినా కొట్టిందన్నాను. ఎదురింటావిడకు ఉత్తరాలు పుట్టించి, ఊళ్లో లేని ప్రియుణ్ణి పుట్టించి, ఇద్దరికీ తగవు కూడా పెట్టాను. ఒక్క మాట, "అడిగింది" అనే ఒక్క మాట అప్పుడు నోట్లోంచి రాలేదు. బెల్టు గురించి అడిగిందని ఎలా చెప్పను?

"నీల్లు తాగన్నా," అన్నాను.

చిట్టా 8

దాలినాయుడు వచ్చాడు. కరుగు కొలిమి పెద్ద. నేను చిన్నప్పటినుంచీ ఇతని చెప్పుల్లో నాచు ముద్దలు పెడుతూ వచ్చాను కాబట్టి, గడపలో చెప్పులు విడవకుండా చేత్తో పట్టుకుని మరీ లోపలికి రావడం అతనికి అలవాటైంది. ఇవాళ గడపలోనే విడిచాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"అసిరమ్మా, కొలిమి వెలిగించే రోజొస్తంది. నూకరత్నం మిషను కొలిమి పద్దులో రాయాలి."

"ఇది సేతి మిషను కాదు నాయుడూ. దానంతటది నడుస్తాది."

"నడిపి సూపించు."

నడిపాను. తిరిగింది, దిగింది, కోసింది. ముక్క తీసి చూస్తే ఎలుక కొరికినట్టుంది. కారణం నాకు ఆ కీచు శబ్దంలోనే తెలిసిపోయింది. వేగంగా తిరిగే కొత్త తలకున్న పనిముట్టు ఇత్తడిని పట్టుకుని లాగుతోంది. మరలో వదులుంది కాబట్టి బల్ల ఆ లాగుడుకు లొంగి ముందుకు దూకుతోంది. వదిన ఉన్నప్పుడు అలా దూకనిచ్చేది కాదు, చక్రాన్ని వెనక్కి పట్టి ఉంచేది. మోటారుకు ఆ పట్టు లేదు.

దాలినాయుడు ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "నియమమేటో నీకు తెలుసు. ఐదు సీట్లు. ఒకదాని ఎనక ఒకటి. సెయ్యి తగలకూడదు. సబ్బు నీల్ల పరీక్షలో ఒక్క బుడగ రాకూడదు."

"రాదు."

"మా ఆవిడ కత్తిరి నా సేత్తోనే కొలిమిలో యేసినాను అసిరమ్మా," అన్నాడు దాలినాయుడు. బెదిరింపుగా కాదు. వచ్చే కొలిమి రోజు వరకు గడువిచ్చి వెళ్లాడు.

చిట్టా 9

అరిగిన మరలు తీసేసి కొత్తవి వేశాను. లోపల గుండ్లు దొర్లే మరలు, వదులన్నదే ఉండదు. ఓడ సామాన్ల కొట్టులో మూడు మిగిలి ఉంటే, వాటికోసం కొట్టు అధికారి ఇంటి గొట్టాలు ఏడాది పొడుగునా తుడుస్తానని ఒప్పుకున్నాను. బల్ల ఇప్పుడు వెన్నలా జరుగుతోంది. ఇటు తిప్పినా అటు తిప్పినా అప్పుడే కదులుతుంది. మనసులో ఈల వేసుకుంటూ వదిన చేతి వరుస మొదలుపెట్టాను.

వంకాయ.

పెట్టె తప్పనుకున్నాను. వైర్లన్నీ విప్పి మళ్లీ కట్టాను. మళ్లీ వంకాయ. బిగింపులు చూశాను, బిళ్లలు తుడిచాను, మోటార్లను తిట్టాను. ఆఖరికి పెట్టె తెరిచి వరుసలను ఒక్కొక్కటిగా చదువుతూ కూర్చున్నాను. ప్రతి మలుపు దగ్గరా, దారి వెనక్కి తిరిగిన ప్రతిచోటా, లెక్క కొంచెం ఎక్కువుంది. ఇంకొంచెం ఎక్కువ తిప్పుతన్నానే, నాకే తెల్దు.

అరిగిన మరకు వదిన చేయి చేసుకున్న సర్దుబాటు అది. వదులున్నప్పుడు ఆ ఎక్కువ వల్లే సీటు గుండ్రంగా వచ్చేది. వదులు పోయాక ఆ ఎక్కువ అంతా తప్పైపోయింది. మిషను బాగుపడింది, అందుకని వదిన తప్పైంది.

పాత మరలు మళ్లీ వేద్దామా అని చూశాను. వాటితో బల్ల దూకుతుంది. తల వేగం తగ్గిద్దామా అంటే, ఆ వేగంలో మోటారు ఇత్తడిని కోయలేక ఆగిపోతోంది. నాలుగువైపులా తిరిగి తిరిగి చూశాను. ఏ దారిలో వెళ్లినా వదిన చేయి ఉంటే గాలి కారుతుంది. సీటు ఎవరింటి గోడలోకి పోతుందో, ఆ ఇంట్లో ఎవరు పడుకుంటారో నాకు తెలుసు. ఈ వీధిలో నేను తుడవని గొట్టం లేదు.

తీసేశాను. ఒక్కో మలుపు దగ్గర ఎంత ఎక్కువుందో అంత తగ్గించాను. కొన్నిచోట్ల చాలా కొంచెం, కొన్నిచోట్ల కాస్త ఎక్కువ. ఎక్కువున్నచోట వదినకు వేళ్లు తిమ్మిరెక్కి ఉంటుంది. ఒకచోట మరీ తక్కువుంది. అక్కడ నా పాత వెటకారమేదో గుర్తొచ్చి లోపల్లోపల నవ్వుకుని ఉంటుంది. ఆ వరుసలన్నీ ఇప్పుడు బడిపిల్లల లెక్కలాగా సాపుగా ఉన్నాయి. ముక్క కోసి చూశాను. అద్దం. దీపం వైపు పెట్టి చూసి, పర్లేదు అనడానికి కూడా మనసు రాలేదు.

చిట్టా 10

ఒకటి మిగిలింది.

అన్న పొద్దుట పని గదికి వచ్చాడు. నాచు అట్టు ఇస్తే చేతిలో పట్టుకున్నాడు, తినలేదు. ఈమధ్య అంతే. బుగ్గలు లోపలికి పోయాయి.

"ఇందులో ఆవిడ సెయ్యి ఉన్నాదన్నావు కదా. ఏదీ?"

అన్నీ తీసేశానని ఎలా చెప్పాలో తెలియక మిషను నడిపాను. మొదటి చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు. మూడో చుట్టు అయ్యాక పనిముట్టు వెంట్రుకవాసి పైకి లేచి ఆగింది. తల తిరుగుతూనే ఉంది, బల్ల కదలలేదు. రెండు ఊపిర్లు తీసుకునేంతసేపు. తర్వాత దిగి మళ్లీ కోయడం మొదలుపెట్టింది.

"ఎందుకాగింది?" అన్నాడు అన్న.

"ఒదిన ఆగేది," అన్నాను. "సీటు కోసేటప్పుడు సరిగ్గా అక్కడే సెయ్యి ఎత్తేసి గడపకాసి సూసేది. పొద్దుటి సీటు అక్కడికొచ్చేసరికి తొట్టి పనోల్లు పైకొచ్చే ఏల కదా. నువ్వొస్తన్నావేమోనని. నేర్పించిన రోజు కూడా సూసింది. అదీ వరసలో పడిపోనాది."

అన్న మళ్లీ నడపమన్నాడు. మళ్లీ ఆగింది. అతను వెళ్లి గడపలో నిలబడ్డాడు. మళ్లీ నడపమన్నాడు. గడపలో నిలబడి, మిషను ఆగినప్పుడు లోపలికి చూశాడు. ఆ తర్వాత అక్కడే గోడకు జారగిలబడి అట్టు తిన్నాడు. చల్లారిపోయిన అట్టు, రజను పడిన అట్టు. మొత్తం తిన్నాడు.

చిట్టా 11

కొలిమి రోజు. వీధి వీధంతా పని గది బయట నిలబడింది. ఎవరూ తుమ్మలేదు. దాలినాయుడు సబ్బు నీళ్ల గిన్నె, గాలి పంపు తెచ్చుకుని పీట మీద కూర్చున్నాడు. వదిన పీట. అన్న గడపలో నిలబడ్డాడు.

మొదటి సీటు కోయడం మొదలైంది. మూడో చుట్టు అయ్యాక ఆగింది. దాలినాయుడు లేచాడు.

"ఆగిపోనాదేటి? సెయ్యి తగలకూడదని సెప్పినాను కదా."

నేను నోరు తెరవబోయేసరికి అన్న అందుకున్నాడు. "అది నాకోసం ఆగినాది నాయుడూ. ఆవిడ అలవాటు."

దాలినాయుడు అన్న వైపు చూశాడు, మిషను వైపు చూశాడు. అది దిగి కోయడం మొదలుపెట్టింది. అతను మెల్లగా కూర్చున్నాడు. రెండో సీటు ఆగే వేళకు అతను కూడా గడప వైపు చూశాడు. మూడోదానికి బయట నిలబడ్డ ఆడవాళ్లంతా చూశారు. నాలుగోది ఆగినప్పుడు ఎవరో ముక్కు చీదారు. నేను శాసనం గుర్తు చేయలేదు.

దాలినాయుడు ఐదు సీట్లకూ మూతలు వేసి గాలి కొట్టి సబ్బు నీళ్లు పోశాడు. వంగి, కళ్లు చిట్లించి, ఒక్కో ఉంగరం చుట్టూ చూశాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఒక్క బుడగ లేదు.

"ఊరి మిషను," అని తన పలకలో రాసుకుని, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు. "మా ఆవిడ కత్తిరి కరిగించినప్పుడు ఎవులైనా ఇలాటిదొకటి సేసుంటే..." అని, పలక చంకలో పెట్టుకుని నడిచాడు. అతని చెప్పుల్లో ఇక ఎప్పుడూ ఏమీ పెట్టను. ఇది ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది.

చిట్టా 12

తర్వాతి మనిషీ, మిషను ఇప్పుడు నీది, అంటే ఎవరిదీ కాదు. బేరింగుల బిగువు గీత దాటనివ్వకు. బెల్టు నెలకోసారి నొక్కి చూడు. అన్న తొట్టి పని మానేశాడు. రోజూ పొద్దుటి సీటు కోసే వేళకు వస్తాడు, గడపలో నిలబడతాడు, మిషను ఆగుతుంది, చూస్తాడు, వెళ్లి కూడు తింటాడు. మనిషి కాస్త తేరుకున్నాడు. మొన్న నేనేదో అంటే నన్ను తిట్టాడు కూడా.

చిట్టాలో అబద్ధం ఉంటే దాన్ని నమ్మినవాళ్ల వేలు తెగుతుంది. అందుకని ఈ ఒక్కటీ రాయక తప్పదు.

నూట పన్నెండో వరుసలో ఉన్న ఆ ఆగడానికి కారణం వెతక్కు. బిళ్లలు తిరిగినదాన్నే లెక్కపెడతాయి. కదలకుండా నిలబడితే లెక్కలో ఏమీ పడదు. వదిన అక్కడ వందసార్లు ఆగి ఉన్నా ఈ పెట్టెకు తెలిసే దారి లేదు. పైగా ఆమె ఆగలేదు. ముక్క పట్టిందంటే అయ్యేదాకా తల ఎత్తే మనిషి కాదు. ఒకసారి అన్న తొట్టిలోంచి వచ్చి ఇదే గడపలో నిలబడి మూడుసార్లు పిలిచాడు. ఆమెకు వినపడనే లేదు, అతను విసుక్కుని వెళ్లి పడుకున్నాడు. ఆమెకు అన్నంటే ప్రాణం. కానీ పనిలో ఉన్నప్పుడు ఆమెకు ఇత్తడి తప్ప ఎవరూ లేరు.

ఆ వరుస నేను రాశాను. అన్న అట్టు పట్టుకుని వచ్చిన రోజుకు ముందు రోజు రాశాను. పనిముట్టు పైకి లేచాకే ఆగుతుంది కాబట్టి ముక్క మీద మచ్చ పడదు, నష్టమేమీ లేదు. తీసేస్తే సీటుకు కొంచెం టైము కలిసొస్తుంది. మా అన్న వచ్చి నిలబడుతున్నన్నాళ్లు మాత్రం తీయకు, ఈ కాగితం అతని కంట పడనివ్వకు. వదిన సరిగ్గా ఆ చోట చేయి ఎత్తి, గడప వైపు చూసి, అన్న కోసం ఎదురుచూసేదన్న మాట మొత్తం నేను పుట్టించిందే.